చీకటి సంగీతాన్ని సమీక్షించడం ఎలా?

సినిమా పాటను సమీక్షించేటప్పుడు సాహిత్యం, సన్నివేశం, గాయకుల పేర్లు మనకు ఆధారాలుగా ఉంటాయి. అలాంటి ఆధారాలు చాలా తక్కువగా ఉండే సంగీతాన్ని ఈ భాగంలో పరిశీలిద్దాం. డెత్ మెటల్, బ్లాక్ మెటల్, డార్క్ యాంబియెంట్ అనేవి ఈ కోవకు చెందుతాయి. వీటిలో ఎక్కువ భాగం చిన్న స్వతంత్ర లేబుళ్ల ద్వారా, కొద్ది ప్రతులతో వెలువడుతుంది. ఒక ఆల్బమ్‌పై రెండు మూడు సమీక్షలే రావచ్చు. లేబుల్ పంపిన ప్రచార వాక్యాలనే సమీక్షకులు తిరగరాస్తే, డబ్బు పెట్టి కొనే శ్రోతకు మరో ఆధారం మిగలదు.

భావం – కారణం

భయానక రసానికి భయం స్థాయిభావమని మీకు తెలుసు. విభావం లేనిదే రసం నిష్పన్నం కాదు. సమీక్షకూ ఇదే వర్తిస్తుంది. "ఒళ్లు జలదరించింది" అంటే ఫలితం చెప్పినట్టే. దానికి శబ్దంలో ఉన్న కారణాన్ని కూడా చూపాలి.

బ్లాక్ సబ్బాత్ బృందం 1970లో విడుదల చేసిన మొదటి ఆల్బమ్ వాన చప్పుడుతో, గంట మోతతో మొదలవుతుంది. తర్వాత గిటార్‌పై మూడు స్వరాలు వినిపిస్తాయి. వాటిలో కీలకమైనది షడ్జానికి, ప్రతిమధ్యమానికి మధ్య ఉన్న దూరం. కారణం దొరికిందని ఇక్కడే ఆగకండి. అదే దూరం కల్యాణి రాగంలోనూ ఉంది, అక్కడ మనకు భయం కలగదు. కల్యాణిలో ప్రతిమధ్యమం పంచమాన్ని చేరి స్థిమితపడుతుంది. ఇక్కడ ఆ స్వరం ఎటూ చేరక వణుకుతూ నిలిచిపోతుంది. దానికి మందగతి, గిటార్ గరుకుదనం తోడయ్యాయి. విమర్శ అంటే ఇలా ఒక్కొక్క కారణాన్ని విడదీసి చూడటమే.

గరుకుదనం లోపమా?

నార్వే బృందం డార్క్‌థ్రోన్ ఆల్బమ్ 'ట్రాన్సిల్వేనియన్ హంగర్' 1994లో పీస్‌విల్ లేబుల్ ద్వారా వచ్చింది. నాలుగు ట్రాకుల చిన్న యంత్రంపై దాన్ని రికార్డు చేశారు. ఆ ధ్వని పలుచగా, గరుకుగా ఉంటుంది. గిటార్లు ఒకే పొరగా కలిసిపోయి, మంచుగాలి హోరులా సాగుతాయి. ఇక్కడ గరుకుదనం పని చేస్తోంది కనుక అది లోపం కాదు. అయితే సరిగా రికార్డు చేయని ప్రతిదీ కళ అయిపోదు. గరుకుదనం తీసేస్తే పాట ఏమి కోల్పోతుందో ప్రశ్నించుకోండి.

ఈ ఆల్బమ్‌లోని ఎనిమిది పాటల్లో నాలుగింటి సాహిత్యం వర్గ్ వికర్నెస్ రాసినది. ఆయనకు 1994లోనే హత్యకేసులో శిక్ష పడింది. శబ్దాన్ని మెచ్చుకుంటూ ఈ సంగతిని దాచడం విమర్శ అనిపించుకోదు.

మన ఊరి బృందం

గాడ్‌లెస్ హైదరాబాద్ డెత్ మెటల్ బృందం. వీరి తొలి ఇ.పి. 'సెంచరీస్ ఆఫ్ డికేడెన్స్' 2016లో ముంబయి లేబుల్ ట్రాన్సెండింగ్ అబ్‌స్క్యూరిటీ ఇండియా ద్వారా వెలువడింది. 2018లో 'స్వార్మ్', 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' వచ్చాయి. డార్క్‌థ్రోన్ పక్కన పెట్టి వింటే తేడా తెలుస్తుంది. ఇక్కడ డ్రమ్ముల దెబ్బ స్పష్టంగా పడుతుంది, వేగం అదుపు తప్పదు. మన పరిభాషలో చెప్పాలంటే దీనిలో రౌద్రం ప్రధానం, భయానకం కాదు. వేగం తగ్గిన చోట్లనే ఈ సంగీతం బరువు మరింత తెలుస్తుంది. "చీకటి వాతావరణం" అని ముద్ర వేస్తే బృందానికీ శ్రోతకూ అన్యాయం జరుగుతుంది. మనవాళ్లు కదా అని ఎక్కువ మార్కులు వేసినా అన్యాయమే.

వినే పద్ధతి

లస్ట్‌మోర్డ్ 'హెరెసీ' (1990) వంటి డార్క్ యాంబియెంట్ ఆల్బమ్‌లో చాలా భాగం అతి మంద్ర ధ్వనులే. ఫోన్ స్పీకర్ వాటిని దాదాపు పలికించలేదు. పోచారం నుంచి ఉప్పల్ వెళ్లే బస్సులో ఫోన్ స్పీకర్‌పై విని "ఇందులో ఏమీ లేదు" అని రాయకండి. ఇంజను మోతలో మునిగిపోయినదాన్ని మీరు విననే లేదు. రాత్రి ఊరు సద్దుమణిగాక, మంచి ఇయర్‌ఫోన్లతో మొదటి నుంచి చివరి వరకు ఆపకుండా వినండి. రెండోసారి విన్నాకే కలం పట్టండి.

అభ్యాసం

పైన పేర్కొన్న ఆల్బమ్‌లలో ఒకదాన్ని విని 150 మాటల్లో సమీక్ష రాయండి. "చీకటి", "భయంకరం", "అద్భుతం" అనే మాటలు వాడకండి. మీకు కలిగిన ప్రతి భావానికి శబ్దంలో ఒక కారణం చూపండి. కారణం దొరకని వాక్యాన్ని కొట్టివేయండి.