పొదుపు వంటల్లో లేని కంచం

పత్రికల్లో ‘పొదుపు వంటలు’ కనబడితే నేను ముందు ఆఖరి వాక్యం చదువుతాను. నేతిలో వేయించిన జీడిపప్పు అక్కడే దాక్కుని ఉంటుంది! సరే, అది మానేస్తే పోతుంది. అసలు లోపం వేరే ఉంది. రాసేవాళ్లు వంటకం రాస్తారు. ఇల్లాలు వండేది నెలనండీ. ఉడికిన పప్పు మీద తేరిన కట్టు వంచి చారు కాస్తుంది, అడుగున ఉన్నది తోటకూరలో కలుపుతుంది. మజ్జిగ పులిస్తే మజ్జిగపులుసు. రాత్రి అన్నం మిగిలితే పొద్దున్నే పోపు పెడుతుంది. ఒకదాని మిగులు ఇంకోదానికి మొదలు. ఈ సంగతి ఏ కొలతల పట్టికలోనూ దొరకదు. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయలు దాటింది. అలాంటప్పుడు అక్కరకొచ్చేది పచ్చిపులుసు. చింతపండు, ఉల్లిపాయ, మిరపకాయ ఉంటే చాలు, పోపుకి తప్ప పొయ్యితో పనిలేదు. దాన్ని వంటకంగా లెక్కవేసిన వ్యాసం అరుదు.

మరొకటి. కింద ‘నలుగురికి సరిపోతుంది’ అని రాస్తారు. ఆ నలుగురిలో వండినావిడ ఉందా? చాలా ఇళ్లలో కూర చాలకపోతే ఆవిడే ఆవకాయ బద్దతో సరిపెట్టుకుంటుంది. వంటకం చవకైందా, ఆవిడ వాటా తగ్గిందా అన్నది వ్యాసం చెప్పదు. కొలతలు అచ్చుకిచ్చే ముందు ఆవిడకీ కంచం పెట్టి, అందరితో పాటే వడ్డించి చూడమనండి.