బైబిలు ఊరటవాక్యములు: ప్రకరణవిచారము

ఆపత్సమయమున మానవుఁడు వాక్యమును శరణుజొచ్చుట సర్వమతసామాన్యము. క్రైస్తవులలో నిది మిక్కిలి ప్రసిద్ధము. రోగశయ్యయొద్దను, మరణము సంభవించిన యింటను, జీవనోపాధి పోయినవాని ముంగిటను బైబిలునుండి యొకటి రెండు వాక్యములు చదువుట వారి యాచారము. నూతన సంవత్సరారంభమున వాగ్దానవాక్యములు ముద్రించిన కార్డులు పంచుటయుఁ దెలుఁగునాఁటి ప్రార్థనామందిరములందుఁ గానవచ్చును. 1854 లో సంపూర్ణమైన బైబిలు తెలుఁగున నచ్చయినది. నాఁటినుండి యీ వాక్యములు మన భాషలో వ్యాపించియుండుటచే వీని విమర్శ భాషాపండితులకుఁ బరాయిపని కాదు. మతవిశ్వాసముయొక్క సత్యాసత్యముల నే నిచటఁ దడవను. విచారింపవలసిన దొక్కటియే: ప్రకరణమునుండి విడఁదీసిన వాక్యము నిజముగా నూరటనిచ్చునా, లేక ప్రకరణముతోఁ జదివినపుడే యది యూరట యగునా?

ఇట్టి వాక్యములలో మిక్కిలి ప్రచారము గలది యిర్మీయా గ్రంథమున 29వ అధ్యాయములోని 11వ వాక్యము. దేవుఁడు తలఁచునది కీడు గాక మేలే యనియు, ముందు నిరీక్షణ కలదనియు దాని తాత్పర్యము. ఉద్యోగము కోరువాఁడును, పరీక్షకుఁ బోవు విద్యార్థియు దీనిని తమకే చెప్పఁబడినట్లు గ్రహింతురు. కాని యిది యొక లేఖలోని వాక్యము. క్రీ. పూ. 597 లో బబులోను రాజగు నెబుకద్నెజరు యెరూషలేమును లోఁబఱచుకొని రాజును, పెద్దలను, శిల్పులను చెఱగొనిపోయెను. అట్లు పోయినవారికి యిర్మీయా యెరూషలేమునుండి వ్రాసి పంపిన లేఖ యిది.

దీనికిఁ బూర్వమున నున్న 28వ అధ్యాయమును చదువనివారికి దీని బలము తెలియదు. అందు హనన్యా యను ప్రవక్త రెండేండ్లలోఁ జెఱ తీఱుననియు, శత్రువులు గొనిపోయిన దేవాలయోపకరణములు మఱలివచ్చుననియు జనులయెదుటఁ బలికెను. ఆ మాట మధురము. విన్నంతనే ధైర్యము గలిగించునది. యిర్మీయా దాని నసత్యమని త్రోసివేసెను. తన లేఖయందు 10వ వాక్యమున డెబ్బది సంవత్సరముల యవధిని జెప్పి, పిమ్మటనే 11వ వాక్యమును వ్రాసెను. బబులోను కోరెషుచేతఁ బడినది క్రీ. పూ. 539 లో. అనఁగా లేఖ నందుకొన్న పెద్దలలోఁ బెక్కండ్రు స్వదేశమును మఱలఁ జూడలేదనుట స్పష్టము. కావున 10వ వాక్యమును విడిచి 11వ దానిని మాత్రమే పట్టుకొని, తన కష్టము నేఁడో రేపో తీఱునని నమ్మువాఁడు చదువుచున్నది యిర్మీయా వాక్యమే యైనను, గ్రహించుచున్నది హనన్యా యర్థము. గ్రంథకర్త ఖండించిన పక్షమునే గ్రంథకర్త పేరఁ జెల్లించుటకంటె నర్థవిపర్యయము వేఱొకటి లేదు.

మీమాంసకుల మర్యాద యిచట నుపకరించును. విధివాక్యముతో నేకవాక్యత నొందినపుడే యర్థవాదమునకుఁ బ్రామాణ్యము. ఈ లేఖలో విధులు 5వ వాక్యమునుండి 7వ వాక్యము వఱకుఁ గలవు. ఇండ్లు కట్టుకొనుఁడు, తోఁటలు నాటుఁడు, వివాహములు చేసికొనుఁడు, చెఱపట్టిన యా పట్టణముయొక్క క్షేమమునే కోరి దానికొఱకు ప్రార్థింపుఁడు అనునవి యా విధుల సారము. 11వ వాక్యమందలి యాశ్వాసము వీనికి శేషభూతము. మేలు కలదు గావున నెదురుచూచుచుఁ గూర్చుండుఁ డని కాదు. మేలు కలదు గావునఁ బరదేశమున సైతము చెట్లు నాటుఁ డని భావము. తాను ఫలము తినఁగల్గుదునో లేదో యెఱుఁగక చెట్టు నాటువాని ధైర్యమే యిచ్చటి ధైర్యము.

ఇందుకొక పూర్వపక్షము కలదు. శ్రుతి, లింగ, వాక్య, ప్రకరణ, స్థాన, సమాఖ్యలలోఁ బూర్వపూర్వము బలీయమని జైమిని సిద్ధాంతము. శబ్దసామర్థ్యరూపమైన లింగమే యాశ్వాసమును దెలుపుచుండఁగా, దుర్బలమైన ప్రకరణముతో దుఃఖితునికిఁ బని యేమి? అని. సమాధానము. ఆ బలాబలవిచారము వినియోగమున విరోధము గల్గినపుడు ప్రవర్తించును. ఇచట విరోధమే లేదు. ఏలయన లింగమును మన పక్షముననే యున్నది. హీబ్రూ మూలమున 'లాకెమ్' అనునది బహువచనము. చెఱలోని సమూహమంతయు దానికి వాచ్యము. దేవుఁడు మనుష్యు నొక్కనిఁ బిలుచునపుడు తెలుఁగు బైబిలున 'నీవు' అని యుండును గావున, 'మీరు' అనునది యందు నిక్కమైన బహువచనమే. నేఁటి వాడుకలో నది గౌరవార్థకమైన యేకవచనముగాఁ బరిణమించుటచేఁ జదువరి తా నొక్కఁడే యుద్దిష్టుఁ డని భ్రమించుచున్నాఁడు.

వచనమునందువలెఁ బురుషయందును విశేషము గలదు. 23వ కీర్తన సర్వజనవిదితము. దాని మొదటి మూఁడు వాక్యములందు దేవుఁడు కాపరిగాఁ బ్రథమపురుషచే వర్ణింపఁబడెను. పచ్చికయు జలములు నున్నంతవఱకుఁ గవి దేవునిగూర్చి మాటలాడును. నాలుగవ వాక్యమున లోయ వచ్చినంతనే మధ్యమపురుష ప్రవేశించును. ఇఁకఁ గవి దేవునితో మాటలాడును. ఆ లోయను జెప్పు 'త్సల్మావెత్' అను పదమునుగూర్చి వ్యుత్పత్తివివాదము కలదు. త్సేల్ అనఁగా నీడ, మావెత్ అనఁగా మృత్యువు. కావున మృత్యుచ్ఛాయ యని సమాసపక్షము. ప్రాచీన గ్రీకు అనువాద మట్లే గ్రహించెను. అక్కదు, అరబ్బీ భాషలందుఁ జీఁకటిని దెలుపు సజాతీయధాతువు లుండుటచే నిది సమాసము కాదు, గాఢతమస్సునకు వాచకమైన యేకపదమని పక్షాంతరము. ప్రచారములో నున్న తెలుఁగు అనువాదము గాఢాంధకార మని రెండవ పక్షము నవలంబించినది. ఇది మేలు. మరణమొక్కటే గాక, దారి కనఁబడని యే దుఃఖమైనను నందు నిముడును. ఏ పక్షమందైనను లోయ లేదని కీర్తన చెప్పదు. సంకటమున మాఱినది దారి కాదు, పురుష. ఈ యొక్క మార్పులోనే యూరట యంతయు నున్నది.

తెలుఁగుభాష మూలముకంటె నధికముగా వెల్లడించిన స్థలమును జూపెదను. విలాపవాక్యములు యెరూషలేము ధ్వంసమునకుఁ గలిగిన యేడుపు. మూఁడవ యధ్యాయమున హీబ్రూ వర్ణములు 22; ఒక్కొక్క వర్ణముతో మూఁడేసి వాక్యములు మొదలగుటచే మొత్తము 66. మొదటి యిరువది వాక్యములును నేను, నాకు అను నొక్కని రోదనము. 21వ వాక్యమున నాశ తలయెత్తును. 22వ వాక్యమున నుత్తమపురుష బహువచనము వచ్చును. హీబ్రూలో దాని కొక్కటే రూపము. తెలుఁగున శ్రోతను గలుపుకొను 'మనము', శ్రోతను విడుచు 'మేము' అని రెండు. అనువాదకులు 22వ వాక్యమున 'మనము' అనియు, దేవుని యెదుట తప్పు నొప్పుకొను 42వ వాక్యమున 'మేము' అనియుఁ బ్రయోగించిరి. ఊరటలోఁ జదువరికిని భాగ మిచ్చిరి. దైవముతో మాటలాడునపుడు హద్దు నిలిపిరి. నేను అను దుఃఖము మనము అగుటయే యాశకు ద్వార మని మన సర్వనామములే చెప్పుచున్నవి. ఈ గ్రంథోపసంహారము సుఖాంతము కాదు. దేవుఁడు తమ్ము నిఁక విసర్జించెనేమో యను శంకతో నయిదవ యధ్యాయము ముగియును. యూదులు ఆబు మాసపు తొమ్మిదవనాఁడు దీనిని జదువునపుడు కడపటి వాక్యముతో విరమింపక, దానికి ముందున్న ప్రార్థనావాక్యమును మఱల నుచ్చరింతురు. వారు శంకను గొట్టివేయలేదు; ప్రార్థనను మఱల నుచ్చరించిరి, అంతియే.

88వ కీర్తన యింకను కఠినము. తక్కిన విలాపకీర్తనలు ప్రాయికముగా నమ్మికవైపు మఱలును. ఇది చీఁకటితోనే ముగియును. ఊరటవాక్యముల నేఱి కూర్చువారు దీని నంటరు. అయినను ఉపక్రమమునఁ గవి తన రక్షణకర్తయని దేవునిఁ బిలిచెను. 9వ, 13వ వాక్యములందు మొఱ మఱల వినఁబడును. ఇది తాత్పర్యలింగములలో నభ్యాసము. ఉత్తరము రాకున్నను సంబోధన మానలేదు. వాగ్దానవాక్యము నోటికి రాని దుఃఖితునికి, పిలుచుట మానకుండుటయు ధైర్యమే యని యీ కీర్తన తెలుపును.

కావునఁ దేలినది. విడిగా నున్న వాక్యము వేదన నొక గడియ మఱపించును; గడియ దాఁటిన పిమ్మట, మాట నెఱవేఱలేదని విశ్వాసమునే విఱుచును. ప్రకరణముతో నున్న వాక్యము వేదనను దాఁచదు, అవధిని తగ్గింపదు. కాని డెబ్బది యేండ్ల యవధిలోఁ జేయవలసిన పనిని, లోయలోఁ బిలువవలసిన పేరును, రోదనమునఁ గలుపుకొనవలసిన తోడివారిని జూపును. రోగి ముంగిట నిలిచినవాఁ డధ్యాయమంతయుఁ జదువనక్కఱలేదు; ఒక్క వాక్యమే చదువవచ్చును. అయితే చదువువాఁడు ప్రకరణ మెఱిఁగినవాఁడై యుండవలెను. అపుడే వాని కంఠమున హనన్యా పలుకక యిర్మీయా పలుకును.