ఓరుగల్లు మలీద

ఇటలీకి పోయిన యాత్రికులు త్రెవీసోలో తిరమీసు కొరకును, పలెర్మోలో కన్నోలీల కొరకును, పేరొందిన మిఠాయి అంగళ్ల ముందు వరుసగట్టి నిలుచుదురు. ఆ దేశపు వెనిసు నగరవాసియైన మార్కోపోలో 13వ శతాబ్ది చివరి భాగమున మోటుపల్లి రేవును గూర్చి చెప్పుచు, కాకతీయ రాజ్యపు వజ్రములను, సాలెగూటివలె సన్ననైన వస్త్రములను కొనియాడెను. నేడు అట్టి యాత్రికుడెవ్వడైనను ఆ రాజ్యపు రాజధాని ఓరుగల్లైన వరంగల్లునకు వచ్చి, ఈ యూరి మధురాహారమెచ్చట లభించునని యడిగినచో, ఏ అంగడిపేరును చెప్పక, దుర్గాష్టమినాటి సాయంకాలము హనుమకొండలో పద్మాక్షిగుట్ట దిగువనున్న చెరువుగట్టునకు పొమ్మని చెప్పుటయే యుక్తమని నా నిశ్చయము.

తొమ్మిదినాళ్ల పూల పండుగయైన బతుకమ్మ మొదలగు భాద్రపద అమావాస్యనాడు, 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభముల గుడి ప్రాంగణము ఎంగిలిపూల బతుకమ్మలతో నిండును. అటుపై నానాటికి నైవేద్యము మారుచుండును: అటుకులు, ముద్దపప్పు, నానబియ్యము, అట్లు, అమ్మ అలిగిన ఆరవనాడు ఏమియు లేదు, పిదప వేపకాయల రూపమున వేచిన పిండివంట, వెన్నముద్దలు. దుర్గాష్టమియైన తొమ్మిదవనాడు సద్దులతోపాటు మలీద ముద్దలును సత్తుపిండియు సిద్ధమగును.

మలీదకు సజ్జపిండి, బెల్లము, నెయ్యి చాలును. గోధుమపిండితో చేయువారును కలరు. సజ్జపిండికి జిగట తక్కువ గనుక దానిని వేడినీళ్లతో తడిపి, అరచేతితో మందముగా తట్టి, పెనముపై ఇరుప్రక్కల కాల్చుదురు. నేర్పంతయు తరువాతిదే. రొట్టె చేయి కాలునంత వేడిగా నుండగనే తుంచి, తురిమిన బెల్లమును చల్లి, వ్రేళ్లతో నలుపవలెను. ఆ వేడికి కరగిన బెల్లము పొడియంతటికిని సమముగా పట్టును. చల్లారిన రొట్టె బిరుసెక్కి పలుకులుగా విరుగును, బెల్లము వేరుగా నిలుచును. నెయ్యి తక్కువైనచో ముద్ద విడిపోవును. మిక్కుటమైనచో సజ్జల కమ్మదనము మరుగుపడును. సత్తుకు పల్లీలను, నువ్వులను, మొక్కజొన్నలను వేర్వేరుగా దోరగా వేయించి, దంచి, చక్కెరనో బెల్లమునో కలుపుదురు. నువ్వులను అతిగా దంచినచో నూనె యూరి పొడి ముద్దకట్టును గనుక, రోకలి నిలుపవలసిన క్షణమును వాసనను బట్టి గుర్తించుట చిరాభ్యాసముననే అలవడును.

వానకాలపు పంట చేతికందు వేళ, ఆ పంటతోనే, నూనెలో వేచు పనిలేక సిద్ధమగు మధురాహారము మలీద. ఇది దీని మొదటి గుణము. బతుకమ్మను నీట విడిచినంతనే స్త్రీలు ఒకరిచేత నొకరు ఈ ప్రసాదమును పెట్టుకొందురు. ప్రక్క నిలిచిన అపరిచితులకును అందులో భాగము కలదు, వెల లేదు. 2014లో తెలంగాణ ప్రభుత్వము బతుకమ్మను రాష్ట్రపండుగగా ప్రకటించుట హర్షణీయమే. కాని వేదికలకును దీపాలంకారములకును చూపు శ్రద్ధలో కొంతయైనను ఈ వంటకు దక్కవలెను. తల్లులు ఈ రొట్టె నలుపు నేర్పును కూతుళ్లకే కాక కొడుకులకును నేర్పవలసినదిగా నా ప్రార్థన. రుచిచూడగోరు యాత్రికులు అష్టమికి ముందే రావలెను. విజయదశమినాటికి ఏ యింటను మలీద మిగులుట అరుదు.