కుక్క, జంతువు, జీరో టికెట్

ఆదివారం పూట హైదరాబాద్ ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. ప్రోగ్రామింగ్ పుస్తకాల గుట్ట దగ్గర బీటెక్ పిల్లలు ఎక్కువ పేజీలున్నదాన్నే ఎత్తి చూడటం నేను చాలాసార్లు గమనించాను. పుచ్చకాయ కాదు కదా, బరువు చూసి కొనడానికి! ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ కోసం పుస్తకం వెతికేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మొదటి అధ్యాయం వదిలేయండి, ఇన్‌హెరిటెన్స్ అధ్యాయం తెరవండి.

మొదటి అధ్యాయం ఏ పుస్తకంలోనైనా ఇంచుమించు ఒకటే. క్లాసు అంటే నమూనా, ఆబ్జెక్టు అంటే ఆ నమూనాతో చేసిన వస్తువు. ఎన్‌క్యాప్సులేషన్, అబ్‌స్ట్రాక్షన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం అని నాలుగు స్తంభాలు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎంతోమంది బాలగురుస్వామి పుస్తకం పక్కన పెట్టుకుని, ల్యాబ్‌లో టర్బో సీ ప్లస్ ప్లస్ నీలం తెర ముందు కూర్చుని ఇవన్నీ నేర్చుకున్నారు. నేనూ ఆ బాపతే. సింటాక్స్ వరకు ఆ పుస్తకానికి వంక పెట్టను. కానీ నాలుగు నిర్వచనాలూ నోటికొచ్చాక కూడా ప్రోగ్రాం రాయమంటే అంతా మెయిన్ ఫంక్షన్‌లోనే కుక్కేవాణ్ణి. క్లాసు ఏమిటో తెలుసు, ఎందుకో తెలియదు.

ఎందుకో తెలియాలంటే కోడ్ మార్చాల్సిన రోజు రావాలి. ఆర్టీసీ కండక్టర్ చేతిలో ఉండే టిమ్ మిషన్‌కు మనం ప్రోగ్రాం రాస్తున్నామనుకోండి. (అసలు మిషన్‌లో ఏముందో నన్నడగొద్దు, ఇది ఊహకు పెట్టుకున్న లెక్క.) పల్లెవెలుగు అయితే ఒక రేటు, ఎక్స్‌ప్రెస్ అయితే ఒకటి, డీలక్స్ అయితే ఇంకొకటి అని ఇఫ్‌లు పేర్చుకుంటూ పోతాం. ఛార్జీ కట్టేటప్పుడు, టికెట్ ప్రింట్ చేసేటప్పుడు, రాత్రి డిపోలో లెక్క అప్పజెప్పేటప్పుడు మళ్లీ మళ్లీ అదే ప్రశ్న: ఇది ఏ బస్సు? పని నడిచిపోతూనే ఉంటుంది. అంతలో 2023 డిసెంబరులో తెలంగాణలో మహాలక్ష్మి పథకం వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్. ఇక ఆ ఇఫ్‌లన్నీ వెతికి పట్టుకుని మార్చాలి. ఒక్కటి తప్పిపోయినా టికెట్ మీద సున్నా పడుతుంది, డిపో లెక్కలో మాత్రం డబ్బు రావాలని చూపిస్తుంది. తల పట్టుకునేది కండక్టరు.

ఆబ్జెక్టులతో రాస్తే టికెట్‌ను "నీ ఛార్జీ ఎంత?" అని అడిగి ఊరుకుంటాం. నువ్వు ఏ బస్సుదానివి అని ఆరా తీయం. జవాబు చెప్పే బాధ్యత దానిదే. పాలిమార్ఫిజం అని పుస్తకాలు పెద్ద పేరు పెట్టింది దీనికే. ఆ లెక్క ఎలా కట్టిందో గుట్టుగా తన దగ్గరే ఉంచుకోవడం ఎన్‌క్యాప్సులేషన్.

కొత్తగా నేర్చుకున్నవాళ్లు ఇక్కడినుంచి నేరుగా ఇన్‌హెరిటెన్స్ మీద, అంటే ఒక క్లాసు నుంచి పిల్ల క్లాసులు పుట్టించడం మీద పడతారు. ఐదు రకాల బస్సులు అనుకోండి. ఫుల్, హాఫ్, పాస్, జీరో అని నాలుగు రకాల టికెట్లు. పల్లెవెలుగు హాఫ్ టికెట్, ఎక్స్‌ప్రెస్ హాఫ్ టికెట్ అంటూ పిల్ల క్లాసులు పెట్టుకుంటూ పోతే 20 తేలతాయి. ఆరో రకం బస్సు వస్తే ఇంకో నాలుగు. అదే బస్సును ఒక ఆబ్జెక్టుగా, రాయితీని ఇంకో ఆబ్జెక్టుగా చేసి రెండింటినీ టికెట్ చేతికిస్తే ఐదూ నాలుగూ తొమ్మిది, టికెట్‌తో కలిపి పదితో సరి. కంపోజిషన్ అంటే ఇదే. మరి డీలక్స్‌లో జీరో టికెట్ చెల్లదనే నియమం ఎవరి దగ్గర ఉండాలి? బస్సు దగ్గరా, రాయితీ దగ్గరా? చదివేవాడి బుర్రలో ఇలాంటి తగవు రేపే పుస్తకానికి డబ్బు పెట్టొచ్చు.

అందుకే ఇన్‌హెరిటెన్స్ అధ్యాయం తెరవమన్నాను, పుస్తకానికి అది మొదటి పరీక్ష. జంతువు తల్లి క్లాసు, కుక్క పిల్ల క్లాసు, కుక్క మొరుగుతుంది అని చెప్పి ఊరుకుంటే ఆ పుస్తకాన్ని తీసినచోటే పెట్టేయండి. ఇన్‌హెరిటెన్స్ ఎక్కడ వాడకూడదో కూడా చెప్పాలి. లెక్కల క్లాసులో చతురస్రం కూడా దీర్ఘచతురస్రమే. కోడ్‌లో అలా అనుకుంటే దెబ్బతింటాం. పొడవు ఒక్కటే పెంచమంటే చతురస్రం వెడల్పు కూడా పెంచేస్తుంది, అలా జరగదని నమ్మి రాసిన కోడ్ తప్పు జవాబిస్తుంది. తల్లి ఉండాల్సిన చోట పిల్లను నిలబెట్టినా పని చెడకూడదనే ఈ నియమాన్ని బార్బరా లిస్కోవ్ 1987లో ఒక ప్రసంగంలో ముందుకు తెచ్చారు.

రెండో పరీక్ష, పుస్తకంలోని ఆబ్జెక్టులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయా అని. క్లాసు, సబ్‌క్లాసు పుట్టింది నార్వేలో. ఓస్లోలో డాల్, నైగార్డ్ చేసిన సిములా 67 భాషలో. కానీ ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అన్న పేరు పెట్టిన అలన్ కే దృష్టిలో అసలు విషయం మెసేజ్. ఆబ్జెక్టు అన్న మాట వాడి జనం దృష్టిని చిన్నదాని మీదికి మళ్లించానని ఆయన తర్వాత నొచ్చుకున్నారు కూడా. ఆ మాటలు ఎలా నడుస్తాయో చూడటానికి 1989లో కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ చెప్పిన కార్డుల పద్ధతి ఉంది, దానికి కంప్యూటరే అక్కర్లేదు. ఒక్కో కార్డు మీద క్లాసు పేరు, దాని పనులు, దానికి సాయపడేవాళ్లు. నలుగురు కార్డులు పంచుకుని కూర్చుంటే డిజైన్‌లో లోపం అరగంటలో బయటపడుతుంది.

పేర్లు చెప్పమంటే, బొత్తిగా కొత్తవాళ్లకు కేథీ సియెర్రా, బర్ట్ బేట్స్ రాసిన హెడ్ ఫస్ట్ జావా. బొమ్మలు చూసి చిన్నపిల్లల పుస్తకం అనుకోవద్దు. ఫుట్‌పాత్ మీద 2003 నాటి మొదటి ముద్రణ దొరికితే మాత్రం వదిలేయండి, జావాలోకి జెనెరిక్స్ వచ్చింది 2004లో. బార్న్స్, కోలింగ్ రాసిన ఆబ్జెక్ట్స్ ఫస్ట్ విత్ జావా ఇంకో దారి. దానితో వాడే బ్లూజేలో ఆబ్జెక్టు తెర మీద డబ్బాలా కనబడుతుంది, దాని మీద క్లిక్ చేసి మెథడ్ నడిపించొచ్చు. ఆరు నెలలు కోడ్ రాశాక శాండీ మెట్జ్ 2012లో రూబీ భాష మీద రాసిన డిజైన్ పుస్తకం చదవండి. సైకిల్ ఉదాహరణ పట్టుకుని నడుస్తుంది, రూబీ రాకపోయినా అర్థమవుతుంది. నలుగురు రచయితల 1994 నాటి డిజైన్ ప్యాటర్న్స్ గొప్ప పుస్తకమే. మొదటే పట్టుకుంటే మాత్రం ఏ జబ్బుకో తెలియకుండా అందులోని 23 మందులూ మింగినట్టు.

మొన్న సెకండియర్ చదివే మా మేనకోడలికి ఈ టికెట్ లెక్క ఇచ్చాను. రెండు రోజుల తర్వాత రాత్రి పదకొండింటికి ఫోను.

"మామయ్యా, డీలక్స్ రూలు రాయితీ దగ్గర పెట్టాను. రేపు డీలక్స్‌లో కూడా ఫ్రీ అంటే?"

"ఏం చేస్తావ్?"

"తీసి బస్సు దగ్గర పెడతా. అప్పుడు పాసులకి... ఆగు మామయ్యా, మళ్లీ చేస్తా" అని పెట్టేసింది.