బి గ్రేడు వచ్చిన గోడ

ఆర్కిటెక్చరు చదివే పిల్లలున్న ఇల్లు ఇట్టే గుర్తుపట్టొచ్చు. భోజనాల బల్ల మీద అన్నం గిన్నెకు చోటుండదు. అట్టముక్కలు, థర్మోకోలు పొడి, జిగురు డబ్బా, బ్లేళ్ళు. "ఇదేమిటే?" అంటే "ఆస్పత్రి" అంటుంది పిల్ల. మన కళ్ళకు అది చెప్పుల పెట్టెలా కనిపిస్తుంది. రాత్రంతా మేలుకుని కట్టిన ఆ ఆస్పత్రిని మర్నాడు ప్రొఫెసరుగారు అటు తిప్పి ఇటు తిప్పి చూసి ఏదో అంటారు. సాయంత్రం పిల్ల మొహం వేలాడేసుకుని వస్తుంది. మనం మాత్రం "ఎన్ని మార్కులేశారు?" అని అడుగుతాం. "ఏమన్నారు?" అని అడిగే అలవాటు మనకు లేదు.

కథ అచ్చయితే విమర్శ రాస్తారు. సినిమా విడుదలైతే రాస్తారు. క్లాసులో చేసుకొచ్చిన ప్రాజెక్టుకి విమర్శ ఎవరు రాస్తారు చెప్పండి? కాని అలాంటి ప్రాజెక్టు ఒకటి ఇవాళ అమెరికా రాజధాని నడిబొడ్డున నిలబడి ఉంది. అది చేసినప్పుడు ఆ అమ్మాయి ఇంకా డిగ్రీ చదువుతోంది. దాన్ని ఒక కథనో నవలనో చూసినట్టు చూసి, నాకు తోచింది మీతో చెప్పాలని ఉంది.

ఆ అమ్మాయి పేరు మాయా లిన్. 1959లో ఒహాయో రాష్ట్రంలోని ఏథెన్స్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. తల్లిదండ్రులు చైనా నించి వచ్చి స్థిరపడినవాళ్ళు. తండ్రి మట్టితో పాత్రలూ కళాకృతులూ చేసే కళాకారుడు. తల్లి కవయిత్రి, సాహిత్యం చెప్పే ప్రొఫెసరు. ఇద్దరిదీ ఆ ఊరి యూనివర్సిటీలోనే ఉద్యోగం. తండ్రి మట్టినీ, తల్లి అక్షరాన్నీ కాస్త గుర్తుంచుకోండి. ముందు ముందు పనికొస్తాయి.

1980లో ఆమె యేల్ యూనివర్సిటీలో ఆఖరి సంవత్సరం విద్యార్థిని. సమాధులు, స్మారకాలు ఎలా కట్టాలి అనే విషయం మీద ఒక క్లాసులో చేరింది. "ఇదేం చదువమ్మా, శుభమా అంటూ!" అని మన అత్తగార్లు అనేవారేమో. ఆ క్లాసులో ఇచ్చిన ఒక పని ఇంకా విచిత్రం. జరగని యుద్ధానికి, అంటే మూడో ప్రపంచయుద్ధానికి స్మారకం గియ్యమన్నారు. ఈమె నేల కింద సమాధిలాంటి కట్టడం ఒకటి గీసింది. లోపలికి వెళ్ళినవాళ్ళకి విసుగూ, నిస్పృహా కలగాలని కావాలనే అలా చేసింది. ప్రొఫెసరు ఆండ్రస్ బర్‌కి కోపం వచ్చింది. నా తమ్ముడో అన్నో ఆ యుద్ధంలో పోయుంటే ఈ స్మారకానికి చచ్చినా రాను అన్నాడట. 2000లో వచ్చిన 'బౌండరీస్' అనే పుస్తకంలో ఈ సంగతి ఆమే రాసుకుంది.

ఆయనకి ఎందుకంత కోపం వచ్చిందో నాకు తెలిసినట్టే ఉంది. యుద్ధం నిరర్థకం కాబట్టి కట్టడం కూడా నిరర్థకంగా ఉండాలి అనడం తెలివైన ఊహే. మన కుర్ర రచయితలు రాసే కొన్ని కథలూ ఇలాగే ఉంటాయి. కోపం నిజం, భాష బాగుంటుంది. వచ్చిన పాఠకుడికి మాత్రం పీట వెయ్యరు. ఆ స్మారకంలోనూ గీసిన అమ్మాయి అభిప్రాయానికి చోటుంది, కొడుకుని పోగొట్టుకున్న తల్లికి లేదు.

చావు జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్ళేవాళ్ళలో రెండు రకాలవాళ్ళని మనందరం చూశాం. ఒకరు గుమ్మం దాటగానే "నేనప్పుడే చెప్పాను, ఆ డాక్టరు దగ్గరికి వద్దని" అంటూ మొదలుపెడతారు. ఇంకొకరు వచ్చి పక్కన కూర్చుంటారు, అంతే. మాయా లిన్ మొదటి ప్రాజెక్టు మొదటి రకం. రెండోది రెండో రకం. ఒకే క్లాసులో, కొద్ది నెలల్లో, ఇరవై ఒక్కేళ్ళ పిల్ల అంత దూరం నడిచింది.

రెండో ప్రాజెక్టు ఎలా వచ్చిందంటే, వియత్నాం యుద్ధంలో చనిపోయిన సైనికులకు వాషింగ్టన్‌లో స్మారకం కట్టాలని అప్పుడే పోటీ ప్రకటించారు. క్లాసు వాళ్ళందరూ దాన్నే పాఠంగా తీసుకున్నారు. షరతులు ముఖ్యంగా రెండు. చనిపోయిన ప్రతివాళ్ళ పేరూ ఉండాలి. యుద్ధం మంచిదనో చెడ్డదనో చెప్పకూడదు. ఆ యుద్ధం గురించి అమెరికాలో ప్రతి ఇంట్లోనూ తండ్రీ కొడుకులు తగాదాలు పడిన రోజులవి. ఈ పిల్ల ఆ రాజకీయాలేవీ చదవకూడదని గట్టిగా అనుకుంది. నవంబరు నెలలో స్నేహితులతో వెళ్ళి ఆ స్థలం చూసింది. పచ్చటి పార్కు. నేలని కత్తితో కోసి తెరిచినట్టు ఉండాలని అక్కడే తోచింది. కోసిన గాయం మీద కాలక్రమాన పచ్చిక పెరుగుతుంది, కోసిన అంచు మాత్రం మిగిలిపోతుంది. మట్టి మనిషి కూతురు కదా, ముందు నేలే కనిపించింది.

ఇక గీతలోకి వద్దాం. నేల పైకి లేచే కట్టడమేమీ లేదు. పచ్చిక వాలులోకి దిగే రెండు నల్లరాతి గోడలు, ఒక్కొక్కటి సుమారు 247 అడుగులు. రెండూ కలిసే మూల దగ్గర ఎత్తు 10 అడుగులు, చివరలకు పోయేసరికి నేలలో కలిసిపోతాయి. ఒక గోడ లింకన్ స్మారకం వైపు, రెండోది వాషింగ్టన్ స్తంభం వైపు చూస్తాయి. అంతే. మొదట ఆమెకే అది మరీ చిన్న పనిలా అనిపించి, పెద్ద పెద్ద రాతిపలకలు కొన్ని చేర్చి చూసింది. అతకలేదు. తీసేసింది. ఏం చేర్చినా ఉన్నది పాడవుతోందని గ్రహించింది. నగలు పెట్టుకోవడం అందరికీ వస్తుంది. అద్దం ముందు నిలబడి ఒకటి తీసి పెట్టెలో పెట్టడానికే ధైర్యం కావాలి.

ఆ బొమ్మ చూస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు, అంత సాదా. అందుకని పక్కన ఒక పేజీ వ్యాసం రాసి జతచేసింది. బొమ్మ కంటే వ్యాసానికే ఎక్కువ రోజులు పట్టిందని ఆమే అంది. ఇక్కడ తల్లి అక్షరం పనికొచ్చింది.

క్లాసులో ఆమెకి వచ్చింది బి గ్రేడు. పోటీకి 1,421 నమూనాలు వచ్చాయి. విమానాలుంచే షెడ్డులో వరసగా వేలాడదీసి, పేర్లు కనపడకుండా అంకెలు వేశారు. ఈమెది 1026. ఎనిమిదిమంది న్యాయనిర్ణేతలు, అందరూ మగవాళ్ళే, ఏకగ్రీవంగా ఆ అంకెనే ఎంచుకున్నారు. 1981 మే నెలలో ఫలితం చెప్పారు. అదే పోటీకి ప్రొఫెసరుగారు కూడా పంపారట, ఆయనకి రాలేదు! ఈ ముచ్చట చెప్పి నవ్వేవాళ్ళు చాలామంది. నాకు నవ్వు రాదు. బి గ్రేడు ఇచ్చింది ఆయనే, మొదటి ప్రాజెక్టు చూసి ఆ మాట అన్నదీ ఆయనే. ఆ మాట పడకపోతే రెండోది ఇలా ఉండేదా? మార్కులు ఎవరికీ గుర్తుండవు. మాట పనిచేస్తుంది.

అసలు డిజైను గోడ ఆకారంలో లేదని నా అభిప్రాయం. పేర్ల వరసలో ఉంది. 1982లో గోడ తెరిచేనాటికి ఆ పేర్లు 57,939. ఇప్పుడు 58 వేల పైచిలుకు. అకారాది క్రమంలో పెడితే వెతుక్కోవడం సులువని చాలామంది వాదించారు. మాయా లిన్ ఒప్పుకోలేదు. చనిపోయిన తేదీల వరసలోనే ఉండాలంది. జాబితా తీసి చూస్తే స్మిత్‌లే ఆరువందల పైచిలుకు తేలారట. మన టెలిఫోను డైరెక్టరీలో వెంకటేశ్వరరావుల్లాగ! తేదీల వరస వల్ల ఒకే రోజు పోయినవాళ్ళు పక్కపక్కనే ఉంటారు. బతికి బయటపడిన సైనికుడు తన రోజుని వెతుక్కుంటే స్నేహితులందరూ ఒక్కచోటే దొరుకుతారు. ఇంకో సొగసు చూడండి. వరస మొదలయ్యేది గోడ చివర కాదు, మధ్య మూల దగ్గర. కుడివైపు చివరిదాకా వెళ్ళి, మళ్ళీ ఎడమ చివర మొదలై, ఆఖరి పేరు తిరిగి ఆ మూలకే వస్తుంది. మొదట పోయినవాడూ ఆఖరున పోయినవాడూ అక్కడ కలుసుకుంటారు.

పేర్లు చెక్కడం ఆమె కనిపెట్టిన పద్ధతి కాదు. ఢిల్లీ ఇండియా గేటు మీద పదమూడు వేల పైచిలుకు పేర్లున్నాయి. దాన్ని గీసిన లుటియెన్సే ఫ్రాన్సులో తియెప్వాల్ అనే చోట 72 వేలకు పైగా పేర్లతో పెద్ద కమాను కట్టాడు. దాని గురించి క్లాసులో విన్న పాఠం ఈమె మీద బాగా పనిచేసింది. మన ఊళ్ళ పొలిమేరల్లో వీరగల్లులు లేవూ? కాని వీరగల్లు మీద కత్తి పట్టిన వీరుడుంటాడు. కమాను తల ఎత్తి చూడమంటుంది. ఈ గోడ దగ్గర పేరు మీ కంటికి ఎదురుగా, చేతికి అందేలా ఉంటుంది. జనం దాని మీద కాయితం పెట్టి పెన్సిలుతో రుద్ది పేరు పట్టుకెళతారు. చిన్నప్పుడు మనం రూపాయి బిళ్ళ మీద కాయితం పెట్టి రుద్దలేదూ, అలాగ.

ఫలితం రాగానే గొడవ మొదలైంది. నలుపు అవమానం, తెల్లరాయి పెట్టండి అన్నారు. నేలలోకి దిగడమేమిటి, పైకి లేవాలి అన్నారు. ఆడపిల్ల, విద్యార్థిని, పైగా ఆసియావాళ్ళ మొహం. అన్నీ తప్పులే! నలుపు అవమానపు రంగు కాదని జార్జ్ ప్రైస్ అనే నల్లజాతి సైనికాధికారి సభలో లేచి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మనకైతే ఈ తగాదా అర్థమే కాదు. గర్భగుడిలో మూలవిరాట్టు నలుపు, వంటింట్లో రుబ్బురోలు నలుపు. అన్నట్టు, ఆ గోడ రాయి మన బెంగుళూరు నించి వెళ్ళిందే. నల్లరాయిని నున్నగా మెరుగుపెడితే అద్దమవుతుంది. పేరు చదువుతుంటే ఆ అక్షరాల వెనక మన మొహమే కనిపిస్తుంది. నలుపు మీద ఆమె అంత పట్టుదల పట్టింది ఇందుకే.

గోడ కలిసే మూల దగ్గర సైనికుల విగ్రహమూ జెండా స్తంభమూ పెట్టాలన్నారు. ఆమె కమిటీల ముందుకు వెళ్ళి కాదని వాదించింది. చివరికి వాటిని దూరంగా పక్కకు జరిపారు. ముగ్గురు సైనికుల విగ్రహం 1984లో వచ్చింది. ఆ విగ్రహం చెడ్డదని నేననను. కొందరికి మనిషి బొమ్మ కనిపిస్తేనే కన్నీళ్ళొస్తాయి. కాని దాన్ని మూలలోనే పెట్టుంటే, పరామర్శకు వచ్చి కూర్చున్న మనిషి మీదకు మైకు పట్టుకుని ఉపన్యాసం చెప్పినట్టయ్యేది.

లోపమే లేదా అంటే, ఉంది. ఆ యుద్ధంలో లక్షలాది వియత్నాం ప్రజలు పోయారు. వాళ్ళ తల్లుల పేర్లూ పిల్లల పేర్లూ ఆ రాతిలో ఎక్కడా లేవు. పోటీ షరతు అమెరికా సైనికుల పేర్లే అడిగింది కనక తప్పు విద్యార్థినిది కాదు. అయినా ఆ నల్లటి అద్దంలో చూస్తున్నప్పుడు ఆ లోటు కూడా కనిపించకపోదు. ఆ వేల పేర్లలో ఆడవాళ్ళవి ఎనిమిదే, అందరూ నర్సులే.

తర్వాత ఆమె ఏమైంది? చాలామంది చిన్నతనంలోనే పేరొస్తే అక్కడే ఆగిపోతారు. ఈమె మళ్ళీ యేల్‌కే వెళ్ళి 1986లో ఆర్కిటెక్చరులో పై డిగ్రీ పూర్తిచేసింది. 1989లో మాంట్‌గొమరీలో పౌరహక్కుల పోరాటంలో అసువులు బాసినవారికి స్మారకం చేసింది. అక్కడా నల్లరాయే, అక్కడా తేదీల వరసే. కాని పేర్ల మీదుగా సన్నగా నీళ్ళు పారతాయి. చెయ్యి పెడితే నీటి దారి మారుతుంది. వియత్నాం గోడ దగ్గర నేర్చుకున్నదాన్నే ఒక అడుగు ముందుకు వేసిందన్నమాట.

నాకు అన్నిటికంటే నచ్చింది 1993లో తను చదివిన యూనివర్సిటీలోనే చేసిన 'విమెన్స్ టేబిల్'. 1701లో పుట్టిన యేల్‌లో ఏ ఏటికి ఆ ఏడు ఎంతమంది ఆడపిల్లలు చదివారో, ఆ అంకెలు రాతి బల్ల మీద చుట్లు చుట్లుగా చెక్కింది. మొదలంతా సున్నలే. సున్న, సున్న, సున్న. ఒక్క విమర్శా లేదు, ఒక్క నినాదమూ లేదు. ఆ సున్నల మీదుగా నీళ్ళు పారుతుంటాయి. మూడో ప్రపంచయుద్ధపు సమాధి గీసిన కోపం పోయిందనుకున్నారా? పోలేదు. కాకపోతే ఇప్పుడది మన మీద అరవదు. లెక్క మన ముందు పెట్టి, చూసుకోమంటుంది.

మనలో చాలామంది పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళొస్తూనే ఉన్నాం. వాషింగ్టన్ వెళితే తెల్లటి పెద్ద కట్టడాల ముందు ఫొటోలు తీయించుకుని తిరిగొస్తాం. ఈసారి ఆ వాలులోకి కూడా ఒక్క పది నిమిషాలు దిగి చూడండి. అక్కడ ఎవరూ ఏమీ వివరించనక్కర్లేదు. తెలియని ఊళ్ళో తెలియని తల్లికి పుట్టిన బిడ్డ పేరు చదువుతూ ఉంటే, మన బెంగుళూరు రాయిలో మన మొహం మనకు కనిపిస్తుంది.