చిన్నపేగు కణితి: బేరియం పట్టిచ్చే ఆనవాళ్లు

చిన్నపేగులో పుట్టే క్యాన్సర్ కాని కణితులను ఆపరేషన్‌కు ముందే పసిగట్టడం రేడియాలజీలో గట్టి పరీక్ష. సుమారు 6 మీటర్ల పేగు, చుట్టలు చుట్టలుగా, క్షణం నిలవకుండా కదులుతుంటుంది. అందులో లియోమయోమా, అడినోమా, లైపోమా, హెమాంజియోమా వంటివి ఏళ్ల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటాయి. చివరికి ఏ రక్తహీనతగానో, పేగులో పేగు చొరబడటంగానో బయటపడతాయి. మామూలు ఎండోస్కోపీ పైకొసనూ, కొలనోస్కోపీ కింది కొసనూ తాకి ఆగిపోతాయి.

మధ్య భాగాన్ని చూడటానికి బేరియం ఎక్స్‌రే దారి చూపింది. 1890లలో హార్వర్డ్ వైద్య విద్యార్థి వాల్టర్ కానన్ జంతువులకు బిస్మత్ కలిపిన మేత పెట్టి ఎక్స్‌రేలో చూశాడు. తర్వాత బిస్మత్ స్థానంలోకి బేరియం సల్ఫేట్ వచ్చింది. చరిత్ర ఇంత చాలు.

అసలు విద్య ఎంటరోక్లైసిస్. ముక్కులోంచి సన్నని గొట్టాన్ని చిన్నపేగు నడిమి భాగమైన జెజునం మొదటికి చేర్చి, బేరియంను నేరుగా పేగులోకి ఎక్కిస్తారు. 1970లలో నెదర్లాండ్స్ రేడియాలజిస్టు సెల్లింక్ దీన్ని ఒక పద్ధతిలో పెట్టాడు. ధార నిమిషానికి 75 మిల్లీలీటర్లకు అటూ ఇటుగా ఉండాలి. మందగిస్తే పేగు సరిగా విచ్చుకోదు. మరీ జోరైతే కదలిక స్తంభించి, ద్రవం కడుపులోకి ఎగదన్నుతుంది. హెర్లింగర్ అనే రేడియాలజిస్టు బేరియం వెనకే మిథైల్ సెల్యులోజ్ పంపించాడు. గోడలకు తెల్లటి పూత మిగిలి, లోపలంతా పారదర్శకమై, ఒక చుట్ట వెనక మరో చుట్ట కనిపించే ఆ ఫిల్ములు చూసి తీరాలి! ఎగదన్నకుండా చివర బెలూన్ ఉన్న గొట్టంతో ఇండియానాపొలిస్‌కు చెందిన మాగ్లింటె పేరు నిలిచిపోయింది.

నిండిన పేగులో కణితి తన లక్షణం దాచుకోలేదు. లియోమయోమా నున్నటి అంచుతో గుండ్రంగా ఉబ్బుతుంది. నడిమి పుండులో బేరియం నిలిస్తే ఎద్దుకన్నులా కనిపిస్తుంది. విల్లస్ అడినోమా సందుల్లోకి బేరియం దూరి అల్లికలా తేలుతుంది. లైపోమా మెత్తన, ఫ్లోరోస్కోపీలో చూస్తూ పొట్ట మీద నొక్కితే సాగి ఆకారం మారుస్తుంది. ఈ నొక్కి చూడటంలోనే నేర్పంతా ఉంది.

ఆ నేర్పే ఇప్పుడు అంతరిస్తోంది. గ్లాసుడు బేరియం తాగించి, బెంచీ మీద కూర్చోబెట్టి, అరగంటకో ఫిల్ము తీసి, పొట్ట మీద చెయ్యైనా వేయకుండా ‘నార్మల్’ అని రాసిచ్చే తంతును పరీక్ష అనడం రోగికి అన్యాయం. చుట్టల చాటున కణితి హాయిగా దాక్కుంటుంది. శ్రద్ధగా, ప్రతి చుట్టనూ విడదీసి చేస్తే ఈ తాగించే పరీక్షకూ విలువుంది. ఆ శ్రద్ధే కరువైంది.

నేటి సీటీ ఎంటరోగ్రఫీ కూడా సెల్లింక్ పాఠాన్నే అప్పచెబుతోంది: ముందు పేగు నిండాలి. మానిటాల్ కలిపిన నీరు లీటరున్నర దాకా, గంటసేపట్లో తాగించాలి. ముడుచుకున్న పేగు కణితిలా భ్రమపెడుతుంది, ఉన్న కణితిని కప్పేస్తుంది. ఇక్కడ తెల్లగా కనిపించే కాంట్రాస్ట్ తాగించడం చేజేతులా చెడగొట్టుకోవడమే. నరంలోకి ఇచ్చిన మందుతో మెరవాల్సిన హెమాంజియోమా ఆ తెలుపులో కలిసిపోతుంది. లైపోమాను మాత్రం సీటీ తిరుగులేకుండా పడుతుంది, కొవ్వు సాంద్రత సున్నాకు బాగా దిగువన ఉంటుంది గనక. వంశపారంపర్యంగా పేగులో కణితులు పుట్టే పీట్జ్-జెగర్స్ వ్యాధితో, పదేపదే చూడాల్సిన రోగులకు రేడియేషన్ లేని ఎంఆర్ మేలు.

క్యాప్సూల్ కెమెరాకు నేడు ఎంత పేరున్నా, పేగు గోడ బయటికి పెరిగే కణితిని అది చూడలేదు. ఇరుకు చోట తానే ఇరుక్కుపోవచ్చు. సర్జన్‌కు కావాల్సింది కణితి జెజునంలోనా, చివరి భాగమైన ఇలియంలోనా, ఒకటా అనేకమా, గోడ లోపలికా బయటికా అన్నది. పేగు ఎంత మేర కోయాలో, కోత ఎక్కడ పెట్టాలో దాన్నిబట్టే తేలుతుంది.