నాలుగు ప్రశ్నల కొలబద్ద

థైరాయిడ్ గ్రంథిని అతిగా పనిచేయించే గ్రేవ్స్ వ్యాధికి కార్బిమజోల్ లేదా మెథిమజోల్ మాత్రలు ఏడాది, ఏడాదిన్నర వాడిస్తారు. గుండెదడ, చేతుల వణుకు తగ్గుతాయి, చిక్కిపోయిన మనిషి కోలుకుంటాడు. మాత్రలు ఆపాక కొందరికి జబ్బు మళ్ళీ రాదు, దాదాపు సగం మందికి తిరగబెడుతుంది. ఎవరికి తిరగబెడుతుందో మొదటి రోజే అంచనా వేయడానికి ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు వోస్, వీర్సింగా, వారి సహచరులు 2016లో ప్రకటించిన కొలబద్ద పేరు గ్రేట్ స్కోరు. దాని పనితనాన్ని దగ్గరగా చూడాలి.

కొత్తగా జబ్బు బయటపడిన 178 మందికి వాళ్ళు ఏడాది చికిత్స చేసి, మాత్రలు ఆపాక రెండేళ్ళు గమనించారు. 37 శాతం మందికి జబ్బు తిరిగి వచ్చింది. తిరగబెట్టిన వారిలో మొదటి రోజు ఏం కనిపించిందో వెతికితే నాలుగు అంశాలు తేలాయి. వయసు 40 లోపైతే ఒక మార్కు. రక్తంలో ఫ్రీ టి4 లీటరుకు 40 పికోమోల్స్, అంటే మన ల్యాబుల లెక్కలో డెసిలీటరుకు సుమారు 3.1 నానోగ్రాములు, లేదా అంతకు మించితే ఒకటి. గ్రంథిని రెచ్చగొట్టే యాంటీబాడీ 6 యూనిట్ల నుంచి 20 లోపు ఉంటే ఒకటి, 20 లేదా పైన ఉంటే రెండు. మెడ మామూలుగా నిలిపినప్పుడే గొంతు వాపు కంటికి కనిపిస్తే రెండు. మొత్తం ఆరు.

నాకు ముచ్చటేసేది ఈ ఎంపికే. డాక్టరు కళ్ళూ వేళ్ళూ, రెండు రక్తపరీక్షలూ చాలు. యాంటీబాడీ ఈ జబ్బుకు మూలం, దాని బలం గొంతు వాపులో బయటపడుతుంది. ఆ రెండింటికీ ఎక్కువ బరువు ఇచ్చారు. జన్యువులను కూడా కలిపితే అంచనా మరింత పదునెక్కిందని వాళ్ళే చూపించారు, ఆ రూపానికి గ్రేట్ ప్లస్ అని పేరు పెట్టారు. అయినా జన్యుపరీక్ష అక్కర్లేని రూపాన్ని విడిగా నిలబెట్టారు. మామూలు ఆసుపత్రిని దృష్టిలో పెట్టుకుని చేసిన పని అది.

రాయచూరు జిల్లాలో దీన్ని ఊహించి చూద్దాం. సింధనూరు దగ్గర తెలుగువాళ్ళ క్యాంపు నుంచి 34 ఏళ్ళ ఆమె వచ్చింది. వాపు కనిపిస్తోంది, ఫ్రీ టి4 3.5, యాంటీబాడీ 14. స్కోరు ఐదు. మాన్వి నుంచి వచ్చిన 52 ఏళ్ళ ఆయనకు వాపు లేదు, ఫ్రీ టి4 2.5, యాంటీబాడీ 4. స్కోరు సున్నా. ఆమ్‌స్టర్‌డామ్ లెక్కలో సున్నా, ఒకటి వచ్చినవారిలో 16 శాతానికీ, రెండు, మూడు వచ్చినవారిలో 44 శాతానికీ, నాలుగు నుంచి ఆరు వచ్చినవారిలో 68 శాతానికీ జబ్బు తిరగబెట్టింది. ఆయనకు మాత్రల మీద నమ్మకంగా ఉండమని చెప్పవచ్చు. ఆమెతో రేడియో అయోడిన్, ఆపరేషన్ గురించీ, పిల్లలు కావాలనుకుంటే వాటిని ఎప్పుడు చేయించుకోవాలన్నదాని గురించీ మొదట్లోనే మాట్లాడవచ్చు. ఆమె మాత్రలే ఎంచుకున్నా తప్పులేదు. ఆపాక పరీక్షలు మానకూడదని మాత్రం ఆమెకు ముందే తెలుస్తుంది.

2017లో స్విట్జర్లాండ్ వైద్యులు ఈ కొలబద్దను తమ రోగుల మీద పరీక్షించారు. అక్కడ మూడు తరగతుల్లోనూ తిరగబెట్టడం ఎక్కువే: సుమారు 34, 59, 74 శాతం. అంకెలు మారినా మెట్ల వరస చెదరలేదు. ఒకచోట చేసిన పనిముట్టు మరోచోట నిలవడం దాని గట్టిదనానికి రుజువు. అయితే ఒక ప్రాంతపు శాతాలను ఇంకో ప్రాంతపు రోగికి యథాతథంగా అంటగట్టకూడదనీ అదే చెబుతోంది. భారతీయ రోగులకు ఏ శాతం సరిపోతుందో ఇక్కడి లెక్కలే చెప్పాలి.

ఆ లెక్కలకు దారి సులువు. మాత్రలు మొదలయ్యాక ఫ్రీ టి4 దిగుతుంది, యాంటీబాడీ తగ్గుతుంది, వాపూ మారవచ్చు. కాబట్టి మొదటి మాత్ర వేసుకునే ముందే ఈ నాలుగూ చీటీ మీద రాయించుకోవాలి. ఆ చీటీని రోగి దాచుకుంటే ఏడాదిన్నర తర్వాత ఏ డాక్టరైనా అక్కడి నుంచి మొదలుపెట్టగలుగుతారు.